పిల్లతో గాలానికి: చెరువు గట్టున ఒక సాయంత్రం, ఒక రాత్రి ఎలా గడపాలి

పిల్లనో పిల్లాడినో వెంటబెట్టుకుని మొదటిసారి చేపలకి వెళ్లేటప్పుడు గొట్టా బ్యారేజీకో తాటిపూడి రిజర్వాయరుకో బయల్దేరకండి. పెద్ద నీళ్ల దగ్గర పెద్ద చేపలుంటాయి, నిజమే. కానీ అవి గంటల తరబడి పడవు, పక్కన గట్టు లోతు, మీకు క్షణక్షణం టెన్షన్. ఎనిమిదేళ్ల పిల్లకి బొచ్చె పడనక్కర్లేదు. కూర్చున్న అరగంటలో వేలంత పరిగె ఒకటి పడితే చాలు, ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడుతుంది. అందుకే ఇక్కడ చెప్పేదంతా చిన్న నీళ్లు, చిన్న గాలం, చిన్న చేప అన్న లెక్కలోనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో ఉంటూ, అమ్మమ్మగారిదో తాతగారిదో ఊరొకటి ఇంకా మిగిలి ఉన్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. ఊరు లేకపోతే ఊరున్న స్నేహితుడు ఉండాలి. ఎవరూ తెలియని చోట పిల్లతో రాత్రి ఉండటం నేనైతే ఒప్పుకోను.

1. ఎప్పుడు వెళ్లాలి

సంక్రాంతి సెలవులు, లేదా ఆ తర్వాత ఫిబ్రవరి దాకా వచ్చే ఏ శనివారమైనా సరే. అప్పటికి వరి కోతలు అయిపోయి పొలాలు ఆరి ఉంటాయి. చెరువులో నీళ్లు ఇంకా ఉంటాయి, కానీ వానాకాలంలో ఉన్నంత లోతు ఉండదు. వాన భయం తక్కువ. చలి మాత్రం ఉంటుంది. లోపలి ఊళ్లలో తెల్లవారుజామున 15, 16 డిగ్రీల దాకా దిగే రాత్రులుంటాయి, మంచు కూడా బాగా పడుతుంది.

అక్టోబరు అసలు వద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుపాన్లూ అక్టోబరు రెండో వారంలోనే మన మీద పడ్డాయి. దసరా సెలవులు కదా అని ఆశపడకండి. జూలై, ఆగస్టుల్లో కొత్త నీటికి చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. అప్పుడు పట్టడం సులువే, కానీ గుడ్ల చేపని పట్టడం పిల్లకి నేర్పాల్సిన పని కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ చంపేస్తుంది, చిన్న చెరువులు ఎండిపోతాయి కూడా.

వయసు సంగతి: ఆరేళ్ల లోపు పిల్లలైతే రాత్రి ఉండకుండా పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయండి. ఏడెనిమిదేళ్లు దాటాక రాత్రి సంగతి ఆలోచించవచ్చు.

2. ఏ నీళ్లు

మంచి చోటుకి గుర్తులు చెబుతాను. గట్టు మరీ ఏటవాలుగా ఉండకూడదు. గట్టు నుంచి నాలుగడుగులు లోపలికి వేసినా నీళ్లు పిల్ల మోకాలు దాటకూడదు. మీరే ముందు దిగి, కర్రతో పొడుచుకుంటూ చూసుకోవాలి. తామరాకో కలువలో కొంచెం ఉంటే మంచిదే, చిన్న చేపలు వాటి నీడనే తిరుగుతాయి. మదుము (చెరువు తూము) దగ్గర, బట్టలుతికే పాకుడు రాళ్ల మీద కూర్చోవద్దు. ఊరికి పిలుపు దూరంలో ఉండాలి.

చెరువు దొరక్కపోతే గెడ్డ, అంటే చిన్న వాగు, అయినా పర్వాలేదు. జనవరిలో గెడ్డల్లో నీళ్లు సన్నగా, తేటగా పారుతుంటాయి. చిన్న చిన్న మడుగుల్లో పరిగెలు పైకే కనిపిస్తాయి.

ఏటి దగ్గర మాత్రం వేరే లెక్క. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తున్నా అక్కడ వాన పడితే, పైన గేట్లు ఎత్తితే, ఇక్కడ నీరు పెరుగుతుంది. అందుకని ఏటి మధ్య ఇసుక దిబ్బ మీద టెంట్ వేయడం ఎప్పుడూ వద్దు, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా సరే. దానికి మించిన ప్రమాదం ఇసుక తవ్విన గోతులు. పైకి మోకాలి లోతులా కనిపించే చోట ఒక్క అడుగు పక్కకి వేస్తే నిలువెత్తు గొయ్యి ఉంటుంది. చిన్నప్పుడు మనం ఈతలు కొట్టిన రేవే కావచ్చు, అడుగు ఇప్పుడు అలా లేదు. వేసవిలో పిల్లలు మునిగిపోయారన్న వార్తల వెనక చాలాసార్లు ఈ గోతులే ఉంటాయి.

వెళ్లకూడని చోట్లు మరో రెండున్నాయి. ఉద్దానం వైపు, అంటే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మండలాల్లో జీడి తోటల్లో, కొబ్బరి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మనుషుల మీద పడ్డ సంఘటనలూ ఉన్నాయి. ఆ ఊళ్లలో చుట్టాలుంటే పగలు గాలం వేసుకుని రాత్రికి ఇంట్లోనే పడుకోండి. అలాగే సీతంపేట, భామిని, వీరఘట్టం, కొమరాడ వైపు ఒడిశా నుంచి దిగిన ఏనుగుల గుంపులు పొలాల్లో తిరుగుతుంటాయి. 2022లో జిల్లాలు మారాక ఆ మండలాలు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి గానీ, ఏనుగులకి జిల్లా హద్దులతో పనేముంది! పక్క మండలాల్లో ఉన్నా ముందు రోజు ఊళ్లోవాళ్లని అడిగి తెలుసుకోండి.

3. అడగడం

చాలామంది వదిలేసే పని ఇదే. ఊరి చెరువు ఊరందరిదీ అనుకుంటాం. నీళ్లు ఊరివే, అందులో చేపలు మాత్రం పాట పాడుకున్నవాడివి. పంచాయతీ చెరువుల్లో చేపల హక్కుకి వేలం పెడతారు. పాడుకున్నాయన బొచ్చె, శీలావతి పిల్లల్ని కొనుక్కొచ్చి వదులుతాడు. రిజర్వాయర్లలో అయితే మత్స్యకార సంఘాల లైసెన్సులుంటాయి. కాబట్టి ముందు రోజే ఆయన దగ్గరికి వెళ్లి, పిల్లని కూడా తీసుకెళ్లి అడగండి. ఇలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ:

"మావా, మా గుంట సరదా పడతంది. గట్టు మీద కూకుని రెండు పరిగెలు పట్టుకుంటాం. బొచ్చి పిల్లలు పడితే వొదిలేస్తాం."

"పట్టుకో బాబూ, ఏటవుద్ది. మదుము కాడికి మాత్రం గుంటని పంపకు."

ఆ రెండో మాట కోసమే వెళ్లి అడగమంటున్నాను. ఎక్కడ లోతుందో, ఎక్కడ ముళ్లకంప వేశారో, ఏ మూల నీరుకట్టు పాములు ఎక్కువో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. రాత్రి పడుకునే కళ్ళం ఎవరిదో వాళ్లనీ అలాగే అడగండి. అర్ధరాత్రి టార్చి వెలుగు చూసి దొంగలనుకుని ఊరు లేవకూడదు కదా.

4. గాలం తయారీ

ఆన్‌లైన్‌లో రీలు, రాడ్డు కలిపిన సెట్లు దొరుకుతాయి. కొనకండి, ఇప్పుడే కాదు. రీలు ఉంటే పిల్ల దృష్టంతా ఆ చక్రం తిప్పడం మీదే ఉంటుంది, దారం చిక్కులు తీయడం మీ పనవుతుంది. సంతలో సన్నటి వెదురు కర్ర ఒకటి కొనండి. పిల్లకి ఏడెనిమిది అడుగులది సరిపోతుంది, మీకు పదడుగులది. బరువు చూసుకోండి. పిల్ల ఒంటిచేత్తో పావుగంట పట్టుకోగలగాలి.

కావలసినవి: 0.20 మిల్లీమీటర్ల నైలాన్ దారం ఒక చుట్ట, 12 నంబరు గాలాలు ఒక ప్యాకెట్, జెల్లల కోసం 8 నంబరువి నాలుగు, చిన్న సీసం గుళ్లు. గాలాల నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని గుర్తుంచుకోండి. కొట్లో పెద్ద నంబరు అడిగితే చిన్న గాలం చేతికొస్తుంది.

నీళ్ల మీద తేలుతూ చేప ఎర ముట్టిందని చూపించే బెండు కొననక్కర్లేదు. మన జిల్లాల్లో గోగు పంట ఎరుగనివారు లేరు. నార తీశాక మిగిలిన గోగుపుల్ల నీళ్ల మీద చక్కగా తేలుతుంది. జానెడులో సగం ముక్క కోసి, కొసకి ఎర్ర నెయిల్ పాలిష్ పూయండి. అది పిల్ల చేతే పూయించండి. గోగుపుల్ల లేకపోతే పాత హవాయి చెప్పు ముక్క ఉండనే ఉంది.

ఇక ముడి. దారం కొసని గాలం కంట్లోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. ఆ కొసని వెనక్కి తెచ్చి, కంటి పక్కనే ఏర్పడ్డ మొదటి సందులోంచి దూర్చండి. ఉమ్మితో తడిపి నెమ్మదిగా లాగండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలం తగ్గి, చేప పడ్డప్పుడు అక్కడే తెగుతుంది. దారం పొడవు కర్రంత ఉంటే చాలు, ఇంకా పొడవైతే పిల్ల చేతికి అందదు. గాలానికి జానెడు పైన ఒక సీసం గుండు నొక్కండి. బెండుని దారానికి కదిలేలా కట్టండి, లోతుని బట్టి పైకీ కిందకీ జరుపుకోవాలి.

చివరిగా, కటింగ్ ప్లయర్‌తో గాలం కొన దగ్గరుండే ఎదురు ముల్లుని నొక్కి చదును చేసేయండి. దీనివల్ల కొన్ని చేపలు జారిపోతాయి, పోనివ్వండి. పిల్ల వేలికి గుచ్చుకుంటే వెనక్కి సులువుగా వచ్చేస్తుంది. ఈ ఒక్క పనీ చేయకుండా పిల్ల చేతికి గాలం ఇవ్వకండి.

5. ఎర

ఎర్రలని (వానపాములని) మించిన ఎర లేదు. అరటి మొదట్లో, గత్తం కుప్ప పక్కన తడి నేలలో పలుగుతో రెండు పెళ్లలు లేపితే చాలు. కొబ్బరి చిప్పలో తడి మట్టి వేసి, అందులో ఉంచి నీడన పెట్టండి. ఎర్రని ముట్టుకోవడం కొంతమంది పిల్లలకి అసహ్యం, కొంతమందికి మహా సంబరం. ముట్టుకోనన్న పిల్లని బలవంతపెట్టకండి. గోధుమపిండిలో చిటికెడు పసుపు, కొంచెం బెల్లం నీళ్లు పోసి గట్టిగా కలిపిన ముద్ద కూడా పరిగెలకి, తిలాపియాకి బాగా పనిచేస్తుంది. గాలం కొనకి పెసరగింజంత పెడితే చాలు. పెద్ద ముద్ద పెడితే చుట్టూ కొరికి తినేసి పోతాయి తప్ప గాలం మింగవు.

6. పడుకునే ఏర్పాటు

రెండు మూడు వేల రూపాయలకి చిన్న టెంట్ వస్తుంది. పిల్లలకి టెంట్ అంటే అదో మోజు, కాదనలేం. కానీ నా మాట వింటే, కళ్ళంలో ఒక మంచం, దానికి నాలుగు కర్రలు కట్టి దోమతెర, అంతకంటే మంచి పడక లేదు. ఎందుకో చెబుతాను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి పెద్దగా తెలియదు కాబట్టి నిద్రలో కరిచినా మెలకువ రాకపోవచ్చు. నేలకి ఎత్తున మంచం, అంచులు పరుపు కిందకి దోపిన దోమతెర ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది. టెంటే కావాలంటే, జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలన్న నియమం పిల్లకి ఇంట్లోనే అలవాటు చేయండి. వారం ముందు దాబా మీద టెంట్ వేసి ఒక రాత్రి పడుకోండి. అర్ధరాత్రి "అమ్మా, ఇంట్లోకెళ్లిపోదాం" అంటే అక్కడైతే నాలుగు మెట్లు దిగితే సరిపోతుంది.

టెంట్ వేసే చోటు చెరువు గట్టుకి కనీసం యాభై అడుగుల దూరంలో ఉండాలి. కోసిన మడి చదునుగా కనిపిస్తుంది గానీ ఒకసారి వంగి చూడండి. మన వైపు వరిలోనే పెసలు, మినుములు చల్లేస్తారు, కోతయ్యేసరికి అవి మొలిచి ఉంటాయి. ఆ మొలకల మీద టెంట్ పాతితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. కళ్ళమే మేలు. వరికుప్పకీ గడ్డికుప్పకీ దూరంగా ఉండండి. ఎలుకల కోసం పాములు చేరేది అక్కడే, నిప్పు రవ్వ పడితే ఏడాది కష్టం బూడిదయ్యేదీ అక్కడే.

వెంట ఉండాల్సినవి: రెండు టార్చిలు (ఒకటి పిల్లదే, దాని మెడలో), 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను, రెండు దుప్పట్లు ఎక్కువ, మంకీ క్యాప్, నిండు చేతుల చొక్కాలు, దోమల క్రీము, పిల్లకి సరిపడే లైఫ్ జాకెట్, పాత తువ్వాలు, బకెట్, ప్లయర్, కత్తి, దూది, అయోడిన్ మందు, బ్యాండేజీ. లైఫ్ జాకెట్ చూసి ఊళ్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

7. మొదటి సాయంత్రం

మధ్యాహ్నం మూడు గంటలకల్లా చేరాలి. మంచాలో టెంటో వెలుతురుండగానే సర్దేసుకుని, నాలుగింటికి గాలంతో గట్టు మీద ఉండాలి. అక్కడి నుంచి పొద్దు గుంకే దాకా చేపలు బాగా మేస్తాయి.

ముందు మూడు నియమాలు చెప్పండి. మీరు పక్కన లేకుండా నీళ్ల దగ్గరికి వెళ్లకూడదు. గాలాన్ని తల మీదుగా విసరకూడదు. చేప పడితే చేత్తో పట్టుకోకుండా మిమ్మల్ని పిలవాలి. ఇంతకంటే ఎక్కువ చెబితే ఒక్కటీ గుర్తుండదు.

విసరడం ఇలా: ఎడమచేత్తో గాలానికి కాస్త పైన దారం పట్టుకుని, కుడిచేత్తో కర్ర కొన ముందుకి లేపుతూ దారం వదలాలి. ఉయ్యాల ఊగినట్టు గాలం ముందుకి వెళ్లి పడుతుంది. వెనక ఎవరి కంటికీ ప్రమాదం ఉండదు. బెండుని లోతులో సగానికి సరిచేసి పెట్టండి, పరిగెలు ఆ మధ్యలోనే తిరుగుతాయి. పొద్దు వాలాక జెల్లల కోసం అడుగుకి దించవచ్చు.

కూర్చున్న చోటు ముందర పిడికెడు తవుడు తడిపి ముద్దగా విసిరితే చుట్టుపక్కల పరిగెలన్నీ చేరతాయి.

ఇక్కడ పిల్లకి నేర్పాల్సిన అసలు విద్య బెండుని చదవడం. బెండు టకటకమని ఎగిరెగిరి పడుతుంటే చిన్న పరిగెలు ఎరని గిల్లుతున్నాయని అర్థం, లాగకూడదు. బెండు పక్కకి జారుతూ వెళ్తున్నా, బుడుంగున మునిగినా, అప్పుడు మణికట్టు మాత్రం ఆడిస్తూ చిన్న గుంజు. చేయంతా ఎత్తి లాగితే పరిగె వెనకాల చెట్టు మీద ఉంటుంది. మొదటి పదిసార్లూ పిల్ల ముందే లాగేస్తుంది లేదా ఆలస్యంగా లాగుతుంది. మీరు కర్ర లాక్కుని చూపించకండి. పక్కన మీ గాలం మీరు వేసుకుని, "నా బెండు చూడు, ఇప్పుడా, ఇంకా ఆగాలా?" అని దాన్నే అడగండి. నేర్పడం కంటే ఇది త్వరగా పనిచేస్తుంది.

మధ్యలో విసుగొస్తుంది. రానివ్వండి. రాళ్లు విసురుతానంటుంది. వేరే మూలకి వెళ్లి విసరమనండి, మీరూ వెళ్లండి. కొంగల్ని చూస్తానంటే చూపించండి. ఫోన్ మాత్రం బయటికి తీయకండి, ముందు మీది.

దారిన పోయేవాళ్లు ప్రతి ఒక్కరూ ఆగి "ఏటి, ఏటైనా పడ్డాయా?" అంటారు. జవాబు పిల్లనే చెప్పనివ్వండి.

8. చేప చేతికొచ్చాక

పరిగె, తిలాపియా అయితే తడి చేత్తో పట్టుకుని గాలం వెనక్కి తిప్పి తీయవచ్చు. తిలాపియా వీపు ముళ్లు గుచ్చుకుంటాయి, తల వైపు నుంచి తోక వైపుకి నిమురుతూ పట్టుకుంటే అణిగిపోతాయి.

జెల్ల వేరు. వీపు మీద ఒకటి, రెండు చెంపల పక్కన రెండు, గట్టి ముళ్లుంటాయి. భయపడగానే మూడూ నిటారుగా లేచి బిగుసుకుంటాయి. తడి తువ్వాలు కప్పి, వెనక నుంచి ఆ ముళ్ల కిందుగా వేళ్లు పెట్టి పట్టుకోవాలి, ప్లయర్‌తో గాలం తీయాలి. ఇది పెద్దవాళ్ల పని. నల్లగా, సన్నగా, మీసాలతో ఇంగిలాయి పడితే మాత్రం చేయి పెట్టనే వద్దు. దాని చెంప ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే పెద్దవాళ్లే కేకలు పెడతారు. దారం కోసేయండి, గాలం పోతే పోయింది. ఒకవేళ గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చేతిని ముంచి ఉంచాలి, నొప్పి దిగుతుంది. కాలకుండా ముందు మీ చేయి పెట్టి చూసుకోండి. తర్వాత డాక్టరుకి చూపించండి.

బొచ్చె, శీలావతి పిల్లలు పడితే మాట ప్రకారం వదిలేయాలి. తడి చేత్తో, నీళ్లకి దగ్గరగా వంగి వదలండి. పైనుంచి విసిరేయకండి.

ఉంచుకునేవి బకెట్ నీళ్లలో వేస్తారు కదా, పిల్ల వాటికి పేర్లు పెడుతుంది. కాసేపటికి "వదిలేద్దాం నాన్నా" అనొచ్చు. అంటే వదిలేయండి, రాత్రికి గుడ్లు ఉన్నాయి. తినాలనుకుంటే మాత్రం చేపని గిలగిల్లాడుతూ వదలకుండా తల మీద ఒక్క దెబ్బతో చంపండి. పిల్లని పక్కకి పంపేసి దొంగచాటుగా చేయకండి. కంచంలోకి వచ్చేది ఎలా వస్తుందో ఎనిమిదేళ్లకి చూడగలరు. చూడనంటే చూపించనక్కర్లేదు.

9. వంట

చేపలు పడతాయన్న నమ్మకంతో వంట పెట్టుకోకండి. అన్నం, గుడ్లు, ఒక పచ్చడి సీసా ఇంటి నుంచే రావాలి. చేప పడితే అది అదనం.

మూడు రాళ్లు పెట్టి పొయ్యి. కుప్పలకి దూరంగా, గాలి వాలు చూసుకుని, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని వెలిగించండి. పరిగెల్ని రాతి మీద బూడిద వేసి రుద్దితే పొలుసూ జిగురూ పోతాయి. పొట్ట దగ్గర బొటనవేలితో నొక్కితే పేగులు వచ్చేస్తాయి. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ఇంట్లోనే కలిపి డబ్బాలో తెచ్చుకుంటే పది నిమిషాలు పట్టించి, పెనం మీద నూనె వేసి కరకరలాడేలా వేయించడమే. చెరువు చేప లోపల పచ్చిగా ఉండకూడదు. పరిగెల ముళ్లు కరకరలాడితే నమిలేయొచ్చు, మెత్తగా ఉంటే పిల్లకి పెట్టొద్దు. జెల్లలో నడిముల్లు తప్ప సన్న ముళ్లు తక్కువ కాబట్టి పిల్లలకి అదే మంచిది. పొద్దున్నకి చోడి (రాగి) అంబలి ఒక ఫ్లాస్కులో ఉంటే హాయి.

10. రాత్రి

తిన్నాక పొయ్యి మీద నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి మళ్లీ పోయండి. ఎంగిళ్లు, చేప పేగులు దూరంగా గొయ్యి తీసి పూడ్చండి, లేకపోతే కుక్కలు చేరి తెల్లవార్లూ గొడవ.

జనవరిలో రాత్రి ఎనిమిదింటికి పిల్లలకోడి (కృత్తికల చుక్కల గుంపు) దాదాపు నడినెత్తిన ఉంటుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలదో పిల్లనడగండి. టౌన్లో మూడు నాలుగు కనబడేచోట ఇక్కడ ఆరేడు దొరుకుతాయి.

ఒంటేలుకి లేవాలంటే మిమ్మల్ని లేపాలి, టార్చి వేశాకే కాలు కింద పెట్టాలి, చెప్పులు దులిపి వేసుకోవాలి. చెప్పులు దోమతెర లోపల పెట్టుకోవడం ఇంకా మంచిది.

పాము కరిస్తే ఏం చేయాలో మీకు ముందే తెలిసి ఉండాలి. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించకూడదు, మంత్రగాడి దగ్గరికి వెళ్లకూడదు. కరిచిన కాలో చేయో కదలకుండా కర్ర కట్టి, పిల్లని నడిపించకుండా ఎత్తుకుని, 108కి ఫోన్ చేయండి. బండి ఉంటే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. బయల్దేరే ముందే దగ్గర్లో పాము కాటు మందు ఉండే ప్రభుత్వాసుపత్రి ఏదో, ఎంత దూరమో, చెరువు దగ్గర ఫోన్ సిగ్నల్ అందుతుందో లేదో చూసుకోండి. చెరువుల్లో ఈదే నీరుకట్టు పాములకి మాత్రం విషం లేదు. గాలానికి పడ్డ చేప కోసం దగ్గరికి వస్తాయి, కాసేపు కర్ర పైకెత్తి ఊరుకుంటే వెళ్లిపోతాయి. కొట్టకండి.

11. పొద్దున్న

ఆరింటికి లేపండి. మంచులో చెరువు కనబడదు. కాస్త వెలుగొచ్చేదాకా ఆగి, ఆరున్నర నుంచి ఎనిమిదింటి దాకా గాలం వేయండి. రాత్రి కంటే ఇప్పుడు పిల్ల చేయి తిరిగి ఉంటుంది, తనంతట తనే ఎర గుచ్చుకుంటుంది. మీరు వెనక కూర్చుని అంబలి తాగండి.

సర్దేటప్పుడు తెగిన నైలాన్ ముక్కలన్నీ ఏరాలి, బొంగరంతాడంత పొడవున్నవే కాదు, జానెడు ముక్కలు కూడా. కొంగల కాళ్లకి, ముక్కులకి చుట్టుకుంటే అవి చచ్చిపోతాయి. గాలాలు లెక్కపెట్టుకోండి. ఒకటి తక్కువైతే దొరికేదాకా వెతకండి, రేపు ఆ గట్టు మీద చెప్పులు లేకుండా నడిచేవాళ్లుంటారు. పాట పాడుకున్నాయనకి ఎన్ని పడ్డాయో చెప్పి మరీ రండి. మళ్లీ వెళ్లాలి కదా.

12. రెండోసారికి

చిన్న చెరువు అలవాటయ్యాక పెద్ద నీళ్లు చూపించవచ్చు. విజయనగరం వాళ్లకి చంపావతి మీద ఆండ్ర రిజర్వాయరు, శ్రీకాకుళం వాళ్లకి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం. కళింగపట్నంలో గాలం వేస్తే ఏరు కలిసేచోట గట్టు మీంచే, అక్కడి మత్స్యకారుల్ని అడిగిన చోటే. సముద్రంలోకి పిల్లని దింపవద్దు, మన తీరంలో లాగుడు ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. అప్పుడు మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ జాలర్లు తీరిగ్గా కనిపిస్తారు. పిల్ల వాళ్లని ఏదైనా అడగొచ్చు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఒడ్డుకొస్తాయి. ఆ రోజుల్లో బీచ్‌లో మంటలు, టార్చి లైట్లు వద్దు, టెంట్ కూడా వద్దు.

టెక్కలి వైపు వెళ్తే తేలినీలాపురం దగ్గర ఆగండి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని ఉంటాయి. అక్కడ గాలం సంచి మాత్రం బండిలోనే ఉంచండి. ఆ చుట్టుపక్కల నీళ్లలో చేపలు వాటి పిల్లలకి.